ఎర్రని సూర్యుడు ఫోటోలో తెల్లమచ్చ ఎందుకవుతాడు?



మీలో చాలామంది బాపట్ల దగ్గరి సూర్యలంకకు వెళ్ళే ఉంటారు. కార్తీకమాసంలో సముద్రస్నానానికి ఇంటిల్లిపాదితో వెళ్ళి ఉంటారు, లేదా బడి నుంచి విహారయాత్రకు వెళ్ళి ఉంటారు. తెల్లవారుజామున నీటి అంచు మీద కుంకుమ అద్దిన పళ్ళెంలా సూర్యబింబం పైకి వస్తుంటే ఒడ్డున ఉన్నవాళ్ళు మాటలు ఆపి చూస్తారు. అంతలో ఎవరో ఒకరు ఫోను తీసి ఫోటో తీస్తారు. ఇంటికి వచ్చి చూసుకుంటే అందులో ఏముంటుంది? కుంకుమ రంగు లేదు, గుండ్రని అంచు లేదు. చెదిరిన తెల్లమచ్చ ఒకటి, దాని చుట్టూ పసుపు రంగు వలయం ఒకటి కనిపిస్తాయి. కంటికి ఎర్రగా కనిపించిన సూర్యుడు ఫోటోలో తెల్లగా ఎందుకు మారాడు? ఈ ప్రశ్నకు జవాబు తెలిస్తే మంచి ఫోటో తీయడం దానంతట అదే వస్తుంది.

ఈ ప్రశ్న నన్ను 1980లలో, నేను ఉన్నత పాఠశాలలో చదువుకునే రోజుల్లోనే పట్టుకుంది. మా మేనమామ దగ్గర ఒక డబ్బా కెమేరా ఉండేది. ఫిల్ము చుట్టకు పన్నెండు బొమ్మలు వచ్చేవి. బతిమాలి దాన్ని తీసుకొని, రేపల్లె దగ్గర పెనుమూడి రేవుకు తెల్లవారేసరికి చేరుకున్నాను. కృష్ణ అవతలి ఒడ్డు మీద సూర్యుడు లేచాడు. బింబం ఇంకాస్త పైకి వస్తే ఇంకా బాగుంటుందని కెమేరా కన్నంలోంచి చూస్తూ చాలాసేపు నిలబడ్డాను. పన్నెండు బొమ్మలూ సూర్యుడికే ఖర్చు చేశాను. ఆ పూట బడిలో నల్లబల్ల మీద ఏ అక్షరం వైపు చూసినా సరిగ్గా ఆ అక్షరం మీదే ఒక ఆకుపచ్చ మచ్చ కనిపించింది. సాయంత్రానికి అది పోయింది కనుక బతికిపోయాను. 

వారం తరువాత తెనాలిలో ఫిల్ము కడిగించాను. స్టూడియో పెద్దాయన నెగటివ్‌ను దీపానికి ఎదురుగా పట్టి చూపించారు. సూర్యుడు ఉండవలసిన చోట సిరా ఒలికినట్లు నల్లని మరక ఉంది. "బాబూ, ఇందులో సూర్యుడు లేడురా. ఫిల్ము మోయలేనంత వెలుగు మాత్రం ఉంది," అన్నారాయన. ఆ మాట అర్థం కావడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. మీకు ఈ వ్యాసం చదివేలోపే అర్థమవుతుంది.

ముందు కళ్ళు, తరువాత కెమేరా

ఎండలో భూతద్దం పట్టి కాగితం కాల్చిన అనుభవం మీకు ఉండే ఉంటుంది. మన కంటిలోని కటకం కూడా భూతద్దం లాంటిదే. అది సూర్యుడి ప్రతిబింబాన్ని సుమారు 0.16 మిల్లీమీటర్ల చుక్కగా రెటీనా మీద పడేస్తుంది. మనం దేనివైపు సూటిగా చూస్తామో దాని ప్రతిబింబం రెటీనాలో అతి సున్నితమైన నడిమి భాగం మీద పడుతుంది. పుస్తకం చదివేదీ, ముఖాలు గుర్తుపట్టేదీ ఆ భాగమే. అక్కడ నొప్పి తెలిపే నరాలు లేవు. అందువల్ల దెబ్బ తగులుతున్నా తెలియదు. దెబ్బ గట్టిదైతే ఆ మచ్చ జీవితాంతం పోకపోవచ్చు. 

కాబట్టి ఈ మూడు నియమాలు కంఠస్థం చేయండి. ఒకటి: సూర్యుణ్ణి తదేకంగా చూడకూడదు. ఎర్రగా, చల్లగా కనిపిస్తున్నప్పుడు కూడా క్షణం చూసి చూపు తిప్పుకోవాలి. రెండు: బైనాక్యులర్స్‌తోగాని, దూరదర్శినితోగాని, పెద్ద కటకం బిగించిన కెమేరా కన్నంలోంచిగాని సూర్యుణ్ణి ఎన్నడూ చూడకూడదు. ఆ కటకం సేకరించిన వెలుగంతా కంటిలోకే వస్తుంది. కెమేరా వెనుకనున్న తెరలోగాని, ఫోను తెరలోగాని చూడండి. తెర మీది వెలుగు తెరది మాత్రమే, సూర్యుడిది కాదు. మూడు: మసి పూసిన గాజు, ఎక్స్‌రే ఫిల్ము, చలువ కళ్ళజోడు రక్షణ కావు. కంటికి కనిపించే వెలుగును అవి తగ్గించినా, కనిపించని పరారుణ కిరణాలను చాలావరకు లోపలికి వదిలేస్తాయి. 1980 ఫిబ్రవరి 16న మన రాష్ట్రం మీదుగా సంపూర్ణ సూర్యగ్రహణం సాగింది. జపాల్–రంగాపూర్ వేధశాలలో శాస్త్రవేత్తలు దానిని పరిశీలించారు. వారు కూడా తగిన పరికరాలు వాడారు.

తూము, నీరు, మడి

కెమేరాలో వెలుగు లెక్కను మన డెల్టా పిల్లలకు పంటకాలువతో చెప్పడం తేలిక. కాలువ నుంచి మడికి నీరు పెట్టాలి. మడిలోకి ఎంత నీరు వస్తుందన్నది రెండు విషయాల మీద ఆధారపడుతుంది. తూము ఎంత వెడల్పుగా ఉంది? తలుపు ఎంతసేపు ఎత్తి ఉంచాం? కెమేరాలో తూము కటకం వెనుకనున్న ద్వారం. తలుపు షట్టరు. మన రైతులు కాలువ తలుపును కూడా షట్టరనే అంటారు కదా!

ద్వారాన్ని ఎఫ్ సంఖ్యలతో కొలుస్తారు: 2.8, 4, 5.6, 8, 11, 16, 22. సంఖ్య పెరిగినకొద్దీ ద్వారం చిన్నదవుతుంది. ఒక మెట్టు మారితే వెలుగు సగమవుతుంది. ఎందుకో చూడండి. ద్వారం వ్యాసం కటకపు నాభ్యంతరాన్ని ఈ సంఖ్యతో భాగిస్తే వస్తుంది. వెలుగు వచ్చేది వైశాల్యాన్ని బట్టి, అంటే వ్యాసపు వర్గాన్ని బట్టి. 8 వర్గం 64; 11 వర్గం 121. ఇంచుమించు రెట్టింపు. కనుక ఎఫ్-8 కంటే ఎఫ్-11 దగ్గర సగం వెలుగే వస్తుంది. షట్టరు కాలం కూడా అలాగే సెకనులో 1/60, 1/125, 1/250, 1/500, 1/1000 అంటూ సగం సగంగా తగ్గుతుంది.

మూడోది మడి లోతు. లోతు తక్కువ మడి తొందరగా నిండుతుంది. ఫిల్ముకుగాని, నేటి కెమేరాల్లో ఫిల్ము స్థానంలో ఉన్న సెన్సరుకుగాని ఈ గుణాన్ని ఐ.ఎస్.ఓ. సంఖ్యతో తెలుపుతారు. 100 కంటే 200కు సగం వెలుగే చాలు. వెలుగు అపారంగా ఉన్న సూర్యుడి ఫోటోకు చిన్న సంఖ్యే మేలు.

ఇప్పుడు అసలు విషయం. సెన్సరులో లక్షల కొద్దీ బుల్లి మడులు ఉంటాయి. ఒక మడి గట్టు వరకు నిండిన తరువాత ఇంకా నీరు వస్తే ఏమవుతుంది? గట్టు మీదుగా పొర్లిపోతుంది. పొర్లినది బిందెడా, చెరువెడా అన్నది నిండిన మడిని చూసి ఎవరూ చెప్పలేరు. వెలుగు పొర్లిన చోట బొమ్మలో వివరం ఉండదు. తరువాత ఎంత దిద్దినా తిరిగి రాదు, ఎందుకంటే అది నమోదే కాలేదు. దీనినే అతి ఎక్స్‌పోజర్ అంటారు.

మరి ఎరుపు ఎందుకు తెలుపవుతుంది? సెన్సరులో ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగులకు వేర్వేరు మడులు ఉంటాయి. ఉదాహరణకు ఒక నారింజ రంగు సూర్యుడి నుంచి ఎరుపు 100 పాళ్ళు, ఆకుపచ్చ 40, నీలం 10 పాళ్ళు వస్తున్నాయనుకుందాం. ప్రతి మడిలోనూ 100 పాళ్ళే పడతాయి. సరైన ఎక్స్‌పోజర్‌లో 100, 40, 10 నమోదవుతాయి. అది నారింజ రంగే. ఇప్పుడు వెలుగును రెండున్నర రెట్లు చేయండి. ఎరుపు 250 కావాలి, కాని మడి 100 దగ్గరే ఆగింది. ఆకుపచ్చ 100కు చేరింది. నీలం 25. ఎరుపు, ఆకుపచ్చ సమానంగా కలిస్తే కనిపించేది పసుపు! ఇంకా పెంచి మొదటికి పదిరెట్లు చేయండి. మూడు మడులూ 100, 100, 100గా నిండాయి. మూడూ సమానమైతే తెలుపు. ఇదే మీ ఫోటోలోని తెల్లమచ్చ. బింబం చుట్టూ వెలుగు కొంచెం తగ్గిన చోట మధ్యదశ మిగిలిపోతుంది. అదే పసుపు వలయం.

కెమేరా ఎలా మోసపోతుంది?

"మా ఫోను అంతా దానంతటదే చూసుకుంటుంది కదా మాస్టారూ!" అని మీరు అనవచ్చు. నిజమే, చూసుకుంటుంది. కాని అది చూసేది సూర్యుణ్ణి కాదు, సగటును. వెలుగు కొలిచే మీటరుకు ఎదుటనున్నది ఏమిటో తెలియదు. ఎదురుగా ఉన్నది ఓ మోస్తరు బూడిద రంగని భావించి లెక్క వేస్తుంది. గేదెను ఒక్కదాన్నే చూపిస్తే దానిని తెల్లబరచి బూడిదగేదెను చేస్తుంది. దాని వీపు మీది కొంగను ఒక్కదాన్నే చూపిస్తే నల్లబరచి బూడిదకొంగను చేస్తుంది. నేటి ఫోనులు ఇంతకంటే కొంత తెలివైనవే, కాని మూలసూత్రం ఇదే.

తెల్లవారుజామున మీ బొమ్మలో ఇసుక, నీరు, మనుషులు అన్నీ చీకటిగానే ఉంటాయి. సూర్యుడు ఆక్రమించే చోటు అతి స్వల్పం. సగటు చూసిన కెమేరా "అబ్బో, చీకటిగా ఉంది" అనుకొని తలుపు ఎక్కువసేపు ఎత్తుతుంది. ఇసుక చక్కగా వస్తుంది, సూర్యుడు పొర్లిపోతాడు. కాలువ చివరి భూములకు నీరందాలని తలుపులన్నీ ఎత్తేస్తే ఎగువ మడులు మునిగినట్లు!

ఎగువకూ దిగువకూ ఉన్న తేడా ఎంతో అంకెల్లో చూద్దాం. మిట్టమధ్యాహ్నం సూర్యబింబం నీలాకాశం కంటే లక్షల రెట్లు ప్రకాశవంతంగా ఉంటుంది. రెండును రెండుతో గుణిస్తూ పోతే 18వ మెట్టుకు 2,62,144 వస్తుంది. అంటే తేడా సుమారు 18 మెట్లు. మంచి సెన్సరు ఒకే బొమ్మలో పట్టగలిగేది 10 నుంచి 14 మెట్లు. కనుక మిట్టమధ్యాహ్నం సూర్యబింబమూ, నేలా రెండూ ఒకే ఫోటోలో సరిగా రావు. రెండింటిలో ఒకటి వదులుకోవాలి. సూర్యోదయ సూర్యాస్తమయాల్లో మాత్రం ప్రకృతే మనకు సాయం చేస్తుంది.

గాలి పట్టిన తెర

నడినెత్తినున్న సూర్యుడి కాంతి మన మీదికి వాతావరణాన్ని నిలువునా దాటి వస్తుంది. ఆ మందాన్ని 1 అనుకుందాం. సూర్యుడు కిందికి దిగినకొద్దీ కాంతి ఏటవాలుగా, ఎక్కువ గాలిని దాటుకుని రావాలి. లెక్క ఇలా ఉంటుంది:

క్షితిజం నుంచి 30 డిగ్రీల ఎత్తులో: 2 రెట్లు
10 డిగ్రీల ఎత్తులో: సుమారు 5.6 రెట్లు
5 డిగ్రీల ఎత్తులో: సుమారు 10 రెట్లు
క్షితిజం మీద: సుమారు 38 రెట్లు

చూశారా! 5 డిగ్రీల నుంచి క్షితిజానికి దిగేలోపే గాలి మందం దాదాపు నాలుగింతలవుతుంది. ఆ దారిలో గాలి అణువులు కాంతిని అన్ని వైపులకూ చెదరగొడతాయి. దీనినే పరిక్షేపణం అంటారు. తరంగదైర్ఘ్యం తక్కువైన కాంతి ఎక్కువగా చెదురుతుందని, అది తరంగదైర్ఘ్యపు నాలుగో ఘాతానికి విలోమానుపాతంలో ఉంటుందని ఇంగ్లండు శాస్త్రవేత్త రేలీ 1871లో చూపించాడు. 450 నానోమీటర్ల నీలికాంతి, 650 నానోమీటర్ల ఎర్రకాంతి కంటే నాలుగు రెట్లకు పైగా చెదురుతుంది. నీలం దారిలోనే చెదిరిపోగా మిగిలిన ఎరుపు, నారింజ మనకు చేరతాయి. సముద్రపు ఉప్పుకణాలు, దుమ్ము, పొగ కూడా దారిలో ఉంటే వెలుగు ఇంకా తగ్గుతుంది. 1883లో ఇండోనేషియాలోని క్రాకటోవా అగ్నిపర్వతం పేలినప్పుడు పైకెగసిన ధూళి వల్ల ప్రపంచమంతటా నెలల తరబడి సాయంసంధ్యలు అసాధారణంగా ఎర్రబడ్డాయి.

రంగుతోపాటు వెలుగూ తగ్గుతుంది. నిర్మలమైన ఆకాశంలో కూడా క్షితిజం మీది సూర్యుడు, నడినెత్తిన ఉన్నప్పటి కంటే వేల రెట్లు మసకబారుతాడు. అంటే 18 మెట్ల తేడాలో 10 మెట్లకు పైగా గాలే తగ్గించిపెడుతుంది. మిగిలింది కెమేరా పట్టగలిగినంత. సంక్రాంతి రోజుల్లో మన ఊళ్ళలో పొగమంచు పడితే ఇంకొన్ని మెట్లు తగ్గుతాయి. 

ఈ అవకాశం ఎంతసేపు ఉంటుంది? భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది. మన ప్రాంతంలో సూర్యుడు 5 డిగ్రీల ఎత్తుకు చేరడానికి సుమారు 20 నిమిషాలు పడుతుంది. బింబం మొత్తం అర డిగ్రీయే కనుక, అది నీటిలోంచి పూర్తిగా బయటపడడానికి రెండు నిమిషాల పైచిలుకు పడుతుంది. ఆ మొదటి కొద్ది నిమిషాలే మీ ఫోటోకు ముహూర్తం. పెనుమూడిలో నేను చేసిన తప్పు ఇదే. సూర్యుడు పైకి వచ్చేదాకా ఎదురుచూసి, ముహూర్తం దాటాక మొదలుపెట్టాను!

ఇంకో వింత. క్షితిజం దగ్గర వాతావరణం కాంతిని వంచి సూర్యుణ్ణి సుమారు 34 కళలు పైకి ఎత్తి చూపిస్తుంది. ఒక డిగ్రీకి 60 కళలు. బింబం వ్యాసం సుమారు 32 కళలు. అంటే సూర్యుడి అడుగు అంచు నీటిని తాకుతున్నట్లు కనిపించే వేళకు అసలు సూర్యుడు పూర్తిగా క్షితిజం కిందనే ఉన్నాడు! పై అంచు కంటే కింది అంచు ఎక్కువగా పైకి లేస్తుంది కనుక బింబం నొక్కిన గుమ్మడికాయలా కనిపిస్తుంది. మీ ఫోటోలో తెల్లమచ్చ కాకుండా నొక్కిన బింబం వచ్చిందంటే, వక్రీభవనాన్ని ఫోటో తీశారన్నమాట.

ఇక పని ఎలా చేయాలి?

ఫోనుతో తీసేవారు:

1. ముందు కటకాన్ని మెత్తని పొడిగుడ్డతో తుడవండి. సముద్రపు గాలిలోని ఉప్పు, వేలి జిడ్డు ఉంటే వెలుగు చెదిరి బొమ్మంతా వెలవెలబోతుంది. గుడ్డకు ఇసుక లేకుండా చూసుకోండి.

2. తెర మీద సూర్యుడికి పక్కన రంగులున్న ఆకాశాన్ని వేలితో తాకండి. కెమేరా ఇప్పుడు ఇసుకను కాక ఆకాశాన్ని కొలుస్తుంది. చాలా ఫోనుల్లో అలాగే కాసేపు నొక్కి ఉంచితే ఆ లెక్క మారకుండా నిలిచిపోతుంది.

3. పక్కన కనిపించే చిన్న సూర్యుడి గుర్తును కిందికి జరపండి. బొమ్మ నల్లబడుతుంది. బింబానికి అంచు కనిపించేదాకా జరపండి. నేల నల్లబడుతుందని భయపడవద్దు.

4. ఫ్లాషు ఆపివేయండి. 15 కోట్ల కిలోమీటర్ల దూరంలోని సూర్యుడికి మీ ఫ్లాషు అక్కరలేదు!

5. తెలుపు సమతుల్యతను ఎంచుకునే వీలుంటే 'పగటి వెలుగు' పెట్టండి. దానంతట దానికి వదిలేస్తే ఫోను ఎరుపును లోపమనుకొని సరిదిద్దడానికి ప్రయత్నిస్తుంది.

ద్వారం, షట్టరు మార్చగల కెమేరా ఉంటే, ఐ.ఎస్.ఓ. 100 దగ్గర ఈ లెక్కలతో మొదలుపెట్టండి:

సూర్యబింబం, నిర్మలమైన ఆకాశం: ఎఫ్-16, 1/1000 సెకను
సూర్యబింబం, మంచులో ఎర్రగా ఉన్నప్పుడు: ఎఫ్-11, 1/250 సెకను
సూర్యుడు కాక రంగుల ఆకాశం మాత్రమే: ఎఫ్-8, 1/125 సెకను
అస్తమించిన పది నిమిషాలకు: ఎఫ్-5.6, 1/30 సెకను, కెమేరాను స్టాండు మీదగాని, గోడ మీదగాని ఆనించి

ఇవి ప్రారంభానికి మాత్రమే. మంచు, మబ్బు రోజుకో తీరు. కనుక ప్రతి దృశ్యాన్నీ మూడుసార్లు తీయండి: లెక్క ప్రకారం ఒకటి, రెండు మెట్లు తగ్గించి ఒకటి, రెండు మెట్లు పెంచి ఒకటి. సందేహం వస్తే తగ్గించిన వైపే మొగ్గండి. సెన్సరులో చీకటిగా వచ్చిన భాగాన్ని తరువాత కొంత వెలిగించవచ్చు, పొర్లిపోయినదాన్ని తిరిగి తేలేం. వెనుకటి నెగటివ్ ఫిల్ము గుణం దీనికి భిన్నం. అది ఎక్కువ వెలుగును కొంతవరకు ఓర్చుకునేది, తక్కువ వెలుగుకు తట్టుకోలేకపోయేది. అయితే నా పన్నెండు బొమ్మల్లో ఆ ఓర్పు కూడా చాలలేదు.

మరో హెచ్చరిక: పొద్దెక్కిన తరువాత కెమేరా ముఖం సూర్యుడి వైపు పెట్టి వదిలేయకండి. భూతద్దం కాగితాన్ని కాల్చినట్లే కటకం లోపలి భాగాలను కాల్చగలదు. పని కాగానే మూత పెట్టండి.

సూర్యుడు అంత చిన్నగా ఎందుకు?

సూర్యుడి వ్యాసం సుమారు 13.9 లక్షల కిలోమీటర్లు. దూరం సుమారు 15 కోట్ల కిలోమీటర్లు. భాగిస్తే 1/108. ఈ ఒక్క భిన్నం జ్ఞాపకం పెట్టుకోండి, ఎన్నో లెక్కలు తేలతాయి. 50 మిల్లీమీటర్ల నాభ్యంతరం గల కటకంతో ఫిల్ము మీద సూర్యుడి ప్రతిబింబం 50/108, అంటే అర మిల్లీమీటరు కూడా ఉండదు. 200 మిల్లీమీటర్ల కటకంతో సుమారు 1.9 మిల్లీమీటర్లు. ఫోనులోని మామూలు కటకం దృశ్యాన్ని వెడల్పుగా పడుతుంది కనుక, బొమ్మ వెడల్పులో సూర్యుడికి దక్కేది సుమారు నూటయాభయ్యో వంతు! కంటికి క్షితిజం మీద పెద్దగా కనిపించడం మన మనసు కల్పించే భ్రమ మాత్రమే. 

అందుకే చుక్కంత సూర్యుడికి తోడుగా ముందు ఒక వస్తువు కావాలి. అతి ఎక్స్‌పోజర్ తప్పించడానికి నేలను నల్లబరిచాం కదా! ఆ నలుపునే బొమ్మగా వాడుకోండి. తాటిచెట్టు, గడ్డివామి, ఒడ్డుకు లాగిన పడవ, వల భుజాన వేసుకున్న జాలరి - ఇవి నల్లని నీడబొమ్మలుగా వస్తేనే అందం. ఆకారం చూడగానే తెలిసే వస్తువును ఎంచుకోవాలి. ఇద్దరు మనుషులు ఒకరి మీద ఒకరు పడేలా నిలబడితే నల్లముద్దే వస్తుంది.

ఒక లెక్క చేద్దాం. 1.5 మీటర్ల ఎత్తున్న మీ స్నేహితుడు సూర్యబింబంలో సరిగ్గా ఇమిడినట్లు రావాలంటే మీకు ఎంత దూరంలో నిలబడాలి? 1.5 × 108 = 162 మీటర్లు. ఇందుకు పెద్ద కటకం కావాలి. ఇలాంటి ఫోటోను కెమేరా తెరలో చూసే తీయాలని మళ్ళీ చెబుతున్నాను.

ఎక్కడ నిలబడాలి? ఎప్పుడు?

సూర్యుడు రోజూ ఒకే చోట ఉదయించడు. మన అక్షాంశంలో డిసెంబరు చివర సూర్యుడు సరిగ్గా తూర్పు నుంచి సుమారు 24 డిగ్రీలు దక్షిణానికి జరిగి, 6-30 ప్రాంతంలో ఉదయిస్తాడు. జూన్ చివర అంతే దూరం ఉత్తరానికి జరిగి, 5-40 ప్రాంతంలో ఉదయిస్తాడు. సూర్యలంక తీరం తిన్నగా ఉత్తర దక్షిణాలుగా లేదు. ఏటవాలుగా, ఆగ్నేయానికి ముఖం పెట్టి ఉంది. అందువల్ల డిసెంబరులో సూర్యుడు నడిసముద్రంలోంచి లేస్తాడు. జూన్‌లో దాదాపు తీరం వెంబడి నిజాంపట్నం దిక్కుగా లేస్తాడు. అదే డిసెంబరు సాయంత్రం చీరాల దిక్కుగా ఇంచుమించు తీరం వెంబడే దిగుతాడు. సూర్యలంకలో వైమానిక దళ కేంద్రం ఉంది. అటువైపు కెమేరా తిప్పకండి. అలల్లోకి దిగి ఫోటోలు తీయకండి.

రేపల్లె వాళ్ళకు పెనుమూడి రేవు ఉంది. పడమటి ఒడ్డున నిలబడితే కృష్ణ మీద సూర్యోదయం, వంతెన దాటి పులిగడ్డ వైపు వెళితే నది మీద సూర్యాస్తమయం. వంతెన మీద వాహనాల మధ్య మాత్రం నిలబడవద్దు.

తెనాలి వాళ్ళకు సముద్రం లేదని బెంగ అక్కరలేదు. కాలువగట్టు ఉంది. నీటిలో ఆకాశపు ప్రతిబింబం అసలు ఆకాశం కంటే కొంత మసకగా ఉంటుంది. కనుక నీటిని చూసి కొలిస్తే ఆకాశం పొర్లుతుంది, ఆకాశాన్నే కొలవండి. ఊరి బయట కోతలైన పొలాల్లో కుప్పల వెనుక నుంచి డిసెంబరు, జనవరి ఉదయాల్లో మంచులో లేచే సూర్యుణ్ణి తీయడం అన్నింటికంటే తేలిక.

ఇంట్లో చేయదగిన ప్రయోగాలు

మొదటిది: గాజుగ్లాసు నిండా నీరు పోసి నాలుగైదు చుక్కల పాలు కలపండి. చీకటి గదిలో ఒక పక్కనుంచి టార్చిలైటు వేయండి. పక్కనుంచి చూస్తే నీరు కాస్త నీలంగా కనిపిస్తుంది. ఎదురుగా చూస్తే దీపం పసుపుగా, పాలు మరి కొంచెం కలిపితే నారింజగా కనిపిస్తుంది. పాలచుక్కలు పెరిగినకొద్దీ దీపం మసకబారడం గమనించండి. సూర్యాస్తమయం మీ గ్లాసులోనే జరిగింది!

రెండోది: అట్టముక్కకు సూదితో చిన్న రంధ్రం చేయండి. ఎండకు వీపు పెట్టి నిలబడి, ఆ రంధ్రం గుండా వచ్చే వెలుగును రెండు మీటర్ల దూరంలో నీడలో ఉన్న తెల్లకాగితం మీద పడనివ్వండి. రంధ్రం గుండా సూర్యుణ్ణి చూడకూడదు. కాగితం మీది గుండ్రని వెలుగు వ్యాసం కొలిస్తే 18, 19 మిల్లీమీటర్లు వస్తుంది. 2000ను 108తో భాగించి చూడండి. సూర్యుడి వైపు చూడకుండానే సూర్యుణ్ణి కొలిచారు.

మీరు జవాబు చెప్పండి

1. ఎఫ్-8, 1/125 సెకను దగ్గర తీసిన బొమ్మలో బింబం పొర్లింది. వెలుగును నాలుగు మెట్లు తగ్గించాలంటే ద్వారం, షట్టరు ఏ సంఖ్యల దగ్గర పెట్టవచ్చు? ఎన్ని జవాబులు సాధ్యం?

2. చంద్రుడి మీద వాతావరణం లేదు. అక్కడి సూర్యోదయంలో బింబం ఏ రంగులో ఉంటుంది? తెల్లమచ్చ కాకుండా ఫోటో తీయడం భూమి మీది కంటే తేలికా, కష్టమా?

3. 12 మీటర్ల ఎత్తున్న తాటిచెట్టు సూర్యబింబమంత ఎత్తులో కనిపించాలంటే ఎంత దూరం నుంచి చూడాలి?

పోయిన చలికాలం మళ్ళీ పెనుమూడి రేవుకు వెళ్ళాను. మంచులో సూర్యుడు లేస్తుండగా ఆకాశాన్ని కొలిచి, రెండు మెట్లు తగ్గించి, మూడే మూడు ఫోటోలు తీసి ఫోను జేబులో పెట్టుకున్నాను. రెండోదానిలో బింబం గుండ్రంగా, కుంకుమ రంగులో, అడుగున కొంచెం నొక్కినట్లుగా వచ్చింది. ముందు ఒక పడవ నల్లగా ఉంది. ఆ రోజు బడిలో నల్లబల్ల మీది అక్షరాలన్నీ నాకు చక్కగా కనిపించాయి. మీ ఫోటో కూడా అలాగే రావాలి. మీ కళ్ళూ అలాగే ఉండాలి.